కంట్లో ఒక మురుగుకోడు ఉంది

నరసాపురం రేవులో పంటు దిగుతూ మా పెదనాన్న పడ్డాడు. పెద్ద దెబ్బేం కాదు. మోచెయ్యి గీరుకుపోయింది, సంచిలో అరటిపళ్లు నలిగాయి. "బల్ల తడిగా ఉందిరా, జారింది" అన్నాడు. సఖినేటిపల్లి వైపు నుంచి నలభై ఏళ్లుగా వసిష్ఠ గోదావరి దాటుతున్న మనిషాయన. ఆ బల్ల తడిగా లేని రోజు ఏనాడుందని? అంతకుముందు నెలలోనే చేనుగట్టు మీద నడుస్తూ బోదెలో కాలేశాడు. ఒక పెళ్లి భోజనాల్లో మంచినీళ్ల గ్లాసు మోచేత్తో తన్నేశాడు. ప్రతిదానికీ ఏదో ఒక కారణం దొరికింది. కళ్ల మీదికి మాత్రం ఎవరి అనుమానమూ పోలేదు.

ఎందుకు పోతుంది? ఆయన కళ్లు చూపించుకుంటూనే ఉన్నాడు కదా. మూడేళ్లలో మూడుసార్లు టౌన్లో ఒక కళ్లజోళ్ల షాపుకి వెళ్లాడు, మూడుసార్లూ అద్దాలు మార్పించుకున్నాడు. గోడ మీద బోర్డులో ఆఖరి వరసలో రెండక్షరాలు తప్ప అన్నీ చదివేశానని ఇంటికొచ్చి గర్వంగా చెప్పుకున్నాడు కూడా. పంటు దగ్గర పడ్డాక మా అక్క ఆయన మాట వినకుండా కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రెండు కళ్లలోనూ నీటికాసులన్నారు, ఇంగ్లీషులో గ్లాకోమా అంటారే, అది. కుడికంట్లో, చూపును మెదడుకు మోసే నరం చాలా భాగం అప్పటికే పోయింది, ఎడమది సగం దాకా వచ్చింది.

"అక్షరాలన్నీ చదివాను కదండీ, కన్ను పోయిందంటారేంటండీ?" అని డాక్టరుగారితో పెదనాన్న వాదించాడట. నాకైతే అది పెంకితనంలా అనిపించలేదు. చాలా న్యాయమైన ప్రశ్న. మన వైపు ఎవరిని అడిగినా ఇదే అంటారు: చూపు ఆనుతోందంటే కన్ను బాగున్నట్టే కదా?

బోర్డు మీద అక్షరాలు ఏం చెబుతాయి

ఆ అక్షరాల బోర్డును 1862లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి కంటి వైద్యుడు తయారుచేశాడు. ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి చదివిస్తారు. 6/6 అంటే మామూలు కన్ను ఆరు మీటర్ల నుంచి చదివేది మీరూ అంత దూరం నుంచే చదివారని. 6/60 అంటే మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చదవగలిగే అక్షరం మీకు ఆరు మీటర్ల దగ్గర గానీ ఆనలేదని. గది చిన్నదైతే అద్దం పెట్టి ఆ దూరం తెప్పిస్తారు. ఇంత సులువైన పనిముట్టు నూట అరవై ఏళ్లు దాటినా నిలిచిందంటే ఊరికే కాదు, అది చేసే పని చక్కగా చేస్తుంది.

కాకపోతే అది చేసే పని ఒక్కటే. కంటి వెనక వెలుగును పట్టే పొర ఉంటుంది, అదే రెటీనా; దాని నట్టనడుమ ఉండే చిన్న చోటు ఎంత సన్నగా చూడగలదో కొలుస్తుంది. చదవడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ, మొహం గుర్తుపట్టడానికీ వాడేది ఆ చోటునే. దాని చుట్టూ ఉన్న పెద్ద పొలం సంగతి బోర్డుకు పట్టదు. పక్కనుంచి వచ్చే బండి, కాలి కింది మెట్టు, చేతి పక్కన గ్లాసు కనిపించేది ఆ పొలంలోనే. కంటి లోపలి ప్రెషర్, నరం రంగు, రక్తనాళాల తీరు కూడా బోర్డుకు తెలియవు. కళ్లజోళ్ల షాపులో "కంప్యూటర్ టెస్టు" అని గడ్డం ఆనించి చేసేది కూడా అద్దాల పవరెంతో అంచనా వేసే యంత్రమే. పేరులో కంప్యూటర్ ఉంది కాబట్టి లోపలంతా చూసేసిందని మనం అనుకుంటాం, అంతే.

పాపం, షాపువాడిది మోసమని నేననను. అద్దాలు కావాలన్నవాడికి అద్దాలిచ్చాడు. "మూడేళ్లలో మూడుసార్లు మారుస్తున్నారు, ఓసారి డాక్టరుకి చూపించుకోండి" అన్న ఒక్క ముక్క అనలేదన్నదే నా కోపం.

డ్రెయిను పూడితే చేను మునుగుతుంది

నీటికాసుల గురించి డాక్టర్లు చెప్పే మాటలు చాలామందికి ఎక్కవు. డెల్టావాళ్లకు మాత్రం అసలు కష్టపడకుండా ఎక్కాలి. మనం పుట్టి పెరిగిందే ఆ లెక్కలో కదా.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తిచేశాక నీళ్లు రావడం మనకు పెద్ద సమస్య కాదు. పోవడమే సమస్య. కాలువలోంచి తూముకీ, తూములోంచి బోదెకీ, బోదెలోంచి చేలోకీ నీరు వస్తుంది. చేలోంచి మురుగుకోడుకీ, అక్కణ్నుంచి యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయినుకీ, ఆపైన సముద్రానికీ పోవాలి. గుర్రపుడెక్క, తూడు పట్టి కోడు పూడిందా, ఎగువ తూము ఎప్పటిలాగే ఇస్తూ ఉంటుంది కాబట్టి చేను నిండుతూ పోతుంది. సార్వాలో ప్రతి రైతూ భయపడేది దీనికే.

కన్నూ అంతే. నల్లగుడ్డు (కంటి ముందు గాజులాంటి పొర) వెనక, లోపలి కటకం (లెన్సు) ముందు ఒక చిన్న చెరువుంది. కన్నీళ్లకూ దానికీ సంబంధం లేదు, అవి బయటివి. ఈ లోపలి నీరు కంటిపాప చుట్టూ ఉండే రంగుల పొర వెనకున్న ఒక కండలో ఊరుతుంది, నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్ల చొప్పున. అంటే ఒక నీటిబొట్టు ఊరడానికి పావుగంట పైనే. కంటిపాప గుండా ముందుకొచ్చి, నల్లగుడ్డూ రంగుల పొరా కలిసే మూల దగ్గర జల్లెడలాంటి మెష్ లోంచి వడగట్టుకుని ఒక సన్నటి కాలువలోకి, అక్కణ్నుంచి రక్తంలోకి పోతుంది. గంటన్నర, రెండు గంటల్లో చెరువు మొత్తం కొత్తనీరవుతుంది. మనం నిద్రపోతున్నా సరే.

ఆ జల్లెడ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. చెరువులో నీరు పెరిగితే గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది కదా, కంటికి ఆ బలహీనమైన చోటు వెనక నరం బయటికి వెళ్లే కన్నం. ఒక్కో కంటి నరంలో పది, పన్నెండు లక్షల పోగులుంటాయి. ప్రెషర్‌కి అవి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. చుట్టూ ఉన్న చూపునిచ్చే పోగులు ముందు పోతాయి, నడిమధ్య చూపునిచ్చేవి చాలావరకు ఆఖర్న పోతాయి. అందుకే పెదనాన్న బోర్డు చదవగలిగాడు, బల్ల చూడలేకపోయాడు.

ఇంకో రకం ఉంది. జల్లెడ బాగానే ఉంటుంది, కానీ రంగుల పొర ముందుకు జరిగి ఆ మూలనే మూసేస్తుంది. పూడిక కాదు, లాకు తలుపు పడిపోవడమన్నమాట. ఐరోపావాళ్ల కంటే మన ఆసియావాళ్లలో ఈ రకం ఎక్కువ. తలుపు ఒక్కసారిగా పడితే కన్ను ఎర్రబడి, తల పగిలిపోయే నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు వస్తాయి. ఆ వాంతులు చూసి పైత్యమనో, ఆ తలనొప్పి చూసి పార్శ్వపు నొప్పి అనో రెండు రోజులు ఇంట్లో పడుకున్నవాళ్ల కన్ను దక్కకపోవచ్చు. కొందరిలో ఇది కూడా చప్పుడు లేకుండా నెమ్మదిగానే మూసుకుంటుంది. మూల ఇరుకుగా ఉందని ముందే పసిగడితే లేజర్‌తో రంగుల పొరలో చిన్న కన్నం పెడతారు, అడ్డకట్టుకు గండి కొట్టి నీటికి పక్కదారి ఇచ్చినట్టు. కొన్ని నిమిషాల పని.

"ప్రెషర్ నార్మలేనన్నారు, ఇక భయం లేదు" అని చీటీ దాచుకునేవాళ్లకు ఒక మాట. 21 అన్నది గీత కాదు, జనాన్ని కొలిచి వేసిన ఒక అంచనా. 17, 18 దగ్గరే నరం పోయేవాళ్లు మన దేశంలో తక్కువేం కాదు, 24 ఉన్నా నరం చెక్కుచెదరనివాళ్లూ ఉన్నారు. నల్లగుడ్డు మందంగా ఉంటే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, పలచగా ఉంటే తక్కువ చూపిస్తుంది. నీటిమట్టం కొలబద్ద మీద అంకె చూసి గట్టు సంగతి తేల్చలేం, గట్టు మీదికెళ్లి చూడాల్సిందే. కంట్లో ఆ గట్టు నరమే. దాని మధ్య గుంటను డాక్టర్లు కప్పు అంటారు. కప్పు పెద్దదవుతోందంటే పోగులు పోతున్నాయన్నమాట.

పోయిన పోగు తిరిగి మొలవదు. మందు, లేజరు, ఆపరేషను ఏది చేసినా మిగిలిన పోగులు కాపాడటానికే. ఈ ఒక్క సంగతి వల్లే నీటికాసుల్లో "ఎప్పుడు కనిపెట్టారు" అన్నది "ఏ మందు వాడారు" అన్నదానికంటే పెద్ద ప్రశ్న అవుతుంది.

మెదడు చెప్పే అబద్ధం

నరం సగం పోయినా మనిషికి తెలియకపోవడమేంటి? కావాలంటే ఇప్పుడే చూడండి. రెండు చేతులూ ముందుకు చాచి బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ బొటనవేలినే తదేకంగా చూస్తూ, కుడి బొటనవేలిని మెల్లగా కుడివైపుకి జరపండి. సుమారు 15 సెంటీమీటర్లు జరిగేసరికి దాని కొస మాయమవుతుంది. ఇంకాస్త జరిపితే మళ్లీ కనిపిస్తుంది.

అక్కడ మీకు నల్లటి చుక్క కనిపించిందా? లేదు. వెనక గోడ ఏ రంగుంటే ఆ రంగే అక్కడ పూసేసి ఉంటుంది. నరం బయటికి వెళ్లే చోట రెటీనా లేదు కాబట్టి ప్రతి మనిషికీ పుట్టుకతో ఆ గుడ్డి చుక్క ఉంది. మెదడు దాన్ని చుట్టూ ఉన్న రంగుతో నింపేస్తుంది. నీటికాసుల్లో కొత్త గుడ్డి చుక్కలు పుట్టినా అదే చేస్తుంది. పైగా ఒక కంటికి కనిపించనిది రెండో కన్ను పూరిస్తుంది. మెట్టు ఉన్నచోట నల్లగా కనిపించి ఉంటే పెదనాన్న ఆగి ఉండేవాడు. మెట్టు లేని నేలలా కనిపించింది. కాలేశాడు.

పూర్తి పరీక్షంటే ఏం చేస్తారు

ఒక పూట పోతుంది. ముందే చెప్పడం మంచిది, లేకపోతే మధ్యలో లేచి బస్సుకి వెళ్లిపోతారు. దూరం చూపు, దగ్గర చూపు, అద్దాల పవర్ చూస్తారు. ఇది మీకు తెలిసిన భాగమే. కంట్లోకి టార్చి వేసి రెండు కంటిపాపలూ ఒకేలా ముడుచుకుంటున్నాయా అని గమనిస్తారు. ఇదేదో ఊరికే చేసినట్టుంటుంది కానీ, ఒక నరం రెండోదానికంటే దెబ్బతిని ఉంటే ఆ టార్చి వెలుగులోనే పట్టుబడుతుంది. తర్వాత స్లిట్ ల్యాంప్, అంటే సన్నటి వెలుగు గీత వేసే మైక్రోస్కోపు. రెప్పల నుంచి కటకం దాకా పొర పొరా కోసినట్టు చూడొచ్చు. శుక్లం తేలేది ఇక్కడే. ఆ ల్యాంపుకే ఉండే టోనోమీటరుతో, మత్తుచుక్క వేసి, కంటి మీద మెల్లగా ఆనించి ప్రెషర్ కొలుస్తారు.

ఆపైన కంటిపాప పెద్దదవడానికి చుక్కలు. జనం జడుసుకునేదీ, ఎగ్గొట్టేదీ ఇదే. చుక్కలు వేశాక ఇరవై, ముప్పై నిమిషాలు కూర్చోవాలి. నాలుగైదు గంటలు దగ్గరివి మసక, ఎండ చూస్తే కళ్లు జిగేలుమంటాయి. బండి నడపకూడదు, ఎవర్నైనా తోడు తీసుకెళ్లండి. చేపల లెక్కలు, చెక్కుల మీద సంతకాలు ఆ పూట పెట్టుకోకండి. కానీ కిటికీ తెరవకుండా ఇల్లెలా ఉందో చూడలేం కదా. కంటిపాప తెరుచుకుంటే గానీ రెటీనా అంచుల దాకా, నరం మొదలు దాకా పూర్తిగా కనిపించదు. మూల ఇరుకుగా ఉన్నవాళ్లకు ఈ చుక్కలు వేస్తే లాకు తలుపు పడిపోవచ్చు కాబట్టి వేసేముందు డాక్టరు మూల చూసుకుంటారు. షాపులో చుక్కలు వేయకూడదనేది అందుకే.

ఇదంతా చూశాక అనుమానముంటేనే మిగతావి: చూపు విస్తీర్ణం కొలిచే పెరిమెట్రీ, పోగుల పొర మందం చూపే ఓసీటీ స్కాను. పెరిమెట్రీలో గిన్నెలాంటి తెర ముందు కూర్చుని వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. మా పెదనాన్న మొదటిసారి మధ్యలో కునుకు తీశాడు, మళ్లీ చేయించాల్సి వచ్చింది. అందరికీ అన్ని యంత్రాలూ అక్కర్లేదు. పెద్ద ప్యాకేజీ పేరుతో ఓసీటీ దాకా అన్నీ చేసి, చుక్కలు వేసి నరం చూడకపోతే మాత్రం అది పూర్తి పరీక్ష కాదు. డాక్టరు గది లోంచి బయటికొచ్చేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "చుక్కలు వేసి నరం చూశారా అండీ?"

షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉందని లెక్కగట్టింది. మన ఊళ్లల్లో ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, ఏ ఇంటి ఫ్రిజ్ తలుపు తెరిచినా ఇన్సులిన్ పెన్ను కనిపిస్తూనే ఉంది. నలభై దాటిన షుగర్ రోగుల్లో సుమారు ఎనిమిది మందిలో ఒకరికి రెటీనా దెబ్బతిని ఉందని 2022లో వెలువడిన స్మార్ట్ ఇండియా అధ్యయనం తేల్చింది.

ఇక్కడా జరిగేది నీటి కథే. చక్కెర ఎక్కువైన రక్తం పారీ పారీ రెటీనాలో సన్న నాళాల గోడలు గుల్లబారతాయి. ముందు ఊట పెడతాయి. ఆ చెమ్మ నడిమధ్య చేరితే చూపు మసకబారుతుంది, అంచుల్లో ఉన్నంతకాలం ఏమీ తెలియదు. ఆ తర్వాత రక్తం అందని చోట కొత్త నాళాలు పుడతాయి. పుట్టడం మంచిదేననుకుంటాం, కానీ అవి ఒట్టి పెళుసు. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి కంటి ముందు సాలెగూళ్లు వేలాడినట్టు, పొగ కమ్మినట్టు అయిందంటే ఆ నాళం చిట్లి రక్తం నిండిందన్నమాట. అంతదాకా 6/6 చదివినవాళ్లు చాలామంది. ఊట దశలోనే పట్టుకుంటే లేజరుతోనో, కంట్లో వేసే ఇంజెక్షన్లతోనో చూపు నిలబెడతారు.

పెద్దవయసులో వచ్చే షుగర్ అయితే బయటపడిన నాడే చుక్కలు వేసి రెటీనా చూపించుకోవాలి, ఎందుకంటే అది బయటపడేలోపు కొన్నేళ్లుగా లోపల ఉండి ఉండొచ్చు. తర్వాత ఏటా ఒకసారి. చిన్నవయసులో ఇన్సులిన్ మీద పడ్డవాళ్లు షుగర్ బయటపడిన అయిదేళ్లలోపు మొదలుపెట్టాలి. షుగర్ ఉన్న ఆడపిల్ల గర్భం దాలిస్తే తొలి మూడు నెలల్లోనే చూపించాలి, ఆ నెలల్లో రెటీనా త్వరగా దెబ్బతినొచ్చు. "షుగర్ కంట్రోల్లోనే ఉందండి" అనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కంట్రోల్ అంటే ప్రమాదం తగ్గిందని, పోయిందని కాదు.

చత్వారం వచ్చిన రోజు

చత్వారింశత్ అంటే నలభై. చత్వారం అన్న మాట అక్కణ్నుంచే వచ్చింది. వయసునే జబ్బు పేరుగా పెట్టుకున్నారు మనవాళ్లు, అంత కచ్చితంగా వస్తుంది. కంటి కటకం బిరుసెక్కి దగ్గరివాటి మీద నిలవలేకపోవడమే చత్వారం. పేపరు చాచి చదవడం, ఫోను దూరం పట్టుకోవడం మొదలవుతుంది.

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మిషనరీల కాలం నుంచీ ఇంటి అరుగుల మీద సాగుతున్న పని, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెల్లదారం, సన్న కొక్కెం, తెల్లగుడ్డ. నలభై అయిదేళ్ల మనిషికి అద్దాలు లేకుండా ఆ అల్లిక ఎంత కష్టమో ఊహించుకోండి. చాలామంది "చెయ్యి తిరగట్లేదు" అని అల్లడం తగ్గించేస్తారు. తిరగనిది చెయ్యి కాదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి అద్దాలిచ్చి చూసిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. ఆకు కోత దాదాపు 22 శాతం పెరిగింది. ఆకు కోతకే అంతుంటే కొక్కెంపనికి ఎంత ఉంటుందో!

సంతలో దొరికే రెడీమేడ్ అద్దాలతో చత్వారం గట్టెక్కుతుంది, నేను కాదనను. వాటితో వచ్చే చిక్కు వేరు. నలభై ఏట కంటి సమస్యంటూ మొదటిసారి మనిషి కదులుతాడు. నీటికాసులు, షుగర్ కన్ను పలకరించే వయసు కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ కదిలిన రోజున డాక్టరు దగ్గరికి వెళితే పూర్తి పరీక్ష అయిపోతుంది. సంతకెళితే మళ్లీ పదేళ్లు కదలడు, అద్దాలున్నాయిగా!

అందరికీ ఏటా కావాలా

ఇక్కడ వైద్యలోకమే ఒక మాట మీద లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తల్మాలజీ, ఏ బాధా లేనివాళ్లు కూడా నలభై ఏట ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలనీ, అరవై అయిదు దాటాక ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వెళ్లాలనీ అంటుంది. అదే అమెరికాలో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2022లో, లక్షణాలు లేని పెద్దలందరికీ నీటికాసుల కోసం వరసపెట్టి పరీక్షలు చేయడం వల్ల మేలు ఎక్కువో కీడు ఎక్కువో తేల్చడానికి ఆధారాలు చాలవంది. అక్కర్లేదనలేదు, చాలవంది. అనుమానంతో అనవసరంగా మందులు మొదలయ్యేవాళ్లూ ఉంటారు కాబట్టి ఆ జాగ్రత్త న్యాయమే.

నా లెక్క ఇది. ఇరవై అయిదేళ్ల ఆరోగ్యవంతుడు ఏటా ఒక పూట ఆసుపత్రిలో కూర్చోనక్కర్లేదు. కానీ మన దేశంలో నీటికాసులున్నవాళ్లలో పదికి తొమ్మిది మందికి అవి ఉన్నట్టే తెలియదని సర్వేలు చెబుతుంటే, నలభై ఏట ఒక్కసారైనా నరం చూపించుకోకపోవడం జూదం. ఇంట్లో తల్లికో తండ్రికో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో నీటికాసులుంటే ప్రమాదం కొన్ని రెట్లు ఎక్కువ, వాళ్లకు వాయిదా లేదు. షుగర్, ఎక్కువ మైనస్ పవరు, కంటికి పాత దెబ్బ ఉన్నవాళ్లూ ఇదే వరసలో. ఉబ్బసానికో దురదకో స్టెరాయిడ్ మందు వాడేవాళ్లను మరీ ముఖ్యంగా చెప్పాలి. ధాన్యం దుమ్ము పడి కన్ను ఎర్రబడగానే మెడికల్ షాపులో తెచ్చి వేసుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది చాలాసార్లు. ఎరుపు ఒక్కరోజులో తగ్గుతుంది కాబట్టి అదే సీసా ఏడాదంతా నడుస్తుంది. లోపల మాత్రం ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం త్వరగా వస్తుంది. వరి ఆకో గింజో గీరుకుని నల్లగుడ్డు మీద బూజు పట్టిన పుండయితే ఆ చుక్కలు దానికి ఎరువు వేసినట్టే.

పిల్లల సంగతి రెండు ముక్కల్లో. 34 వారాలకు ముందు పుట్టిన బిడ్డకైనా, రెండు కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైనా 30 రోజుల్లోపు రెటీనా చూపించాలి, మరీ చిన్నబిడ్డకు ఇంకా ముందే. తర్వాత చూపిద్దామంటే ఆ తర్వాత ఉండకపోవచ్చు. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోకుండా ఏడెనిమిదేళ్లలోపు వైద్యం చేయిస్తే ఆ కన్ను పని నేర్చుకుంటుంది, దాటితే నేర్చుకోవడం చాలా కష్టం.

క్యాంపులు, ముదిరిన శుక్లాలు

మన జిల్లాల కంటి లెక్కలు ఊహలు కావు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షించారు. హైదరాబాదుతో పాటు ఎంచుకున్న మూడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. ఆ ఆసుపత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ సినిమా దర్శకుడిది ఏలూరు దగ్గర సోమవరప్పాడే. నూటికి 1.84 మందికి అంధత్వమని తేలింది. అందులో 44 శాతం శుక్లం వల్ల, 16 శాతం కేవలం అద్దాలు లేకపోవడం వల్ల. అంటే పదిమంది చీకట్లో ఆరుగురి చీకటి ఒక ఆపరేషనుతోనో ఒక కళ్లజోడుతోనో పోయేదే.

ఇలాంటి చీకటి పోగొట్టడానికే క్యాంపులు పెడతారు, అవి లక్షల కళ్లకు వెలుగిచ్చాయి. 2019 అక్టోబరులో రాష్ట్రమంతా మొదలైన కంటి వెలుగు బడిపిల్లలతోనే ఆరంభమైంది. వాటిని తక్కువ చేయను. కాకపోతే క్యాంపు అద్దాలనూ శుక్లాన్నీ వెతుకుతుంది, ఒక పూటలో వందల మందిని చూడాలి మరి. "క్యాంపులో చూశారు, ఏం లేదన్నారు" అన్న మాటకు శుక్లం లేదని అర్థం, నరం బాగుందని కాదు.

శుక్లం ముదరాలన్న మాట కూడా పాతకాలపుదే. కటకం మొత్తాన్ని బయటికి లాగే రోజుల్లో ముదరడం అవసరమయ్యేది. ఇప్పుడు సన్నకోతతో కరిగించి తీస్తున్నారు, ముదిరేకొద్దీ తీయడమే కష్టం. పైగా ముదిరిన శుక్లం ఉబ్బి రంగుల పొరను ముందుకు తోస్తే, లేదా కరిగి జల్లెడకు అడ్డం పడితే, ఆ మురుగుకోడే మూసుకుపోతుంది. "పంట కోతలయ్యాక చేయిద్దాంలే" అని రెండు దాళ్వాలు దాటించినవాళ్లు కన్ను నొప్పితో అర్ధరాత్రి ఆసుపత్రికి వస్తుంటారు. ఆపరేషనై లెన్సు వేయించుకున్నవాళ్లు "ఇక ఈ జన్మకు కంటి డాక్టరుతో పనిలేదు" అనుకోవడం దీనికి రెండో కొస. మారింది కటకం. నరమూ రెటీనా పాతవే.

పెదనాన్నకు ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు రెండు కళ్లలోనూ చుక్కలు పడాలి. పెద్దమ్మ టీవీ సీరియల్ మొదలవగానే సీసా తెస్తుంది. మొదట్లో బుగ్గ మీద పడేవి ఎక్కువ, కంట్లో పడేవి తక్కువ. డాక్టరుగారు కింది రెప్పను లాగి పట్టుకోవడం, వేశాక ముక్కు పక్కన మూలను రెండు నిమిషాలు నొక్కి ఉంచడం నేర్పారు. పోయిన చూపు రాలేదు. ప్రెషర్ 26 నుంచి 14కు దిగింది, ఏడాదిగా పెరిమెట్రీలో కొత్త మచ్చ రాలేదు. పంటు ఎక్కేటప్పుడు మా అక్కకొడుకు చెయ్యి పట్టుకుంటాడు. ఆయన ఒప్పుకోడు గానీ, పట్టుకుంటాడు.

అన్నదమ్ములు చూపించుకోవాలన్నారని మా నాన్నను కూడా తీసుకెళ్లాను. "నాకేం, పేపరు చదువుతున్నాను" అంటూనే వచ్చాడు. బోర్డు ఆఖరి వరస దాకా గడగడా చదివాడు. చుక్కలు వేసి చూశాక డాక్టరుగారు కాగితం మీద రెండు గుండ్రాలు గీసి, ఎడమవైపు గుండ్రంలో లోపలి గుంట కాస్త పెద్దగా వేశారు. ఇప్పటికి మందు అక్కర్లేదు, ఆరునెలలకు రమ్మన్నారు. తిరిగొస్తుంటే సాయంత్రం ఎండ గోదావరి మీద పడి జిగేల్‌మంటోంది. నాన్న తువ్వాలు కళ్లకు అడ్డం పెట్టుకుని, నా భుజం పట్టుకుని పంటు ఎక్కుతూ, "ఆరునెలలంటే ఏ నెలొస్తుందిరా, నాట్లప్పుడు పడదు కదా?" అని అడిగాడు.